అమ్మకు మామోగ్రామ్ ఎప్పుడు? డాక్టర్ల వాదన వెనక ఉన్న లెక్క



అక్టోబర్ నెల వస్తే చాలు, ఎక్కడ చూసినా గులాబీ రంగు రిబ్బన్లే. డయాగ్నొస్టిక్ సెంటర్ల నుంచి ఫోన్లకు మెసేజ్‌లు కూడా మొదలవుతాయి: మహిళలకు ప్రత్యేక ప్యాకేజీ, మామోగ్రామ్‌తో కలిపి సగం ధరకే అని. పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయిపోయాక ఇద్దరు తల్లులు ఆగి మరీ అడిగారు. "మేడమ్, ఒక డాక్టర్‌గారు నలభై దాటితే తీయించుకోమంటారు, ఇంకొకరు యాభై వచ్చాక చాలంటారు, మూడో ఆవిడ చేత్తో చూసి ఏమీ లేదు, వెళ్లిరండి అన్నారు. ఎవరి మాట వినాలి?"

నేను డాక్టర్‌ని కాదు, మీ పిల్లలకు లెక్కలు చెప్పే టీచర్‌ని. కానీ ఈ విషయం గురించి చదువుతూ పోతే ఒకటి అర్థమైంది. ఈ వాదనలో సగం వైద్యమైతే మిగతా సగం మన పదో తరగతి పాఠమే, సంభావ్యత. అందుకే ధైర్యం చేసి రాస్తున్నాను. ఎవరికి ఏ పరీక్ష కావాలో మీ డాక్టరే చెప్పాలి. ఆ గదిలోకి వెళ్లాక ఏం అడగాలో తెలియడానికి మాత్రం ఇది పనికొస్తుంది.

గడ్డ తగిలితే వాదన లేదు

ముందుగా ఒక తేడా చూడాలి. స్క్రీనింగ్ అంటే ఏ బాధా, ఏ గడ్డా లేని మనిషికి ముందుజాగ్రత్తగా చేసే పరీక్ష. గడ్డ తగిలాక అదేమిటో తేల్చుకోవడానికి చేసే పరీక్ష వేరు. యంత్రం ఒకటే, గది ఒకటే, ఒక్కోసారి బిల్లూ ఒకటే. అందుకే మనం రెండింటినీ కలిపేస్తాం. నలభయ్యా, యాభయ్యా అని ప్రపంచమంతా కొట్టుకుంటున్నది మొదటి దాని గురించే. రెండో దాని విషయంలో ఎక్కడా, ఎవరికీ, ఏ అనుమానమూ లేదు. రొమ్ములోగానీ చంకలోగానీ కొత్తగా గడ్డ తగిలినా, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడినా, చనుమొన కొత్తగా లోపలికి లాక్కుపోయినా, రక్తం కలిసిన స్రావం వచ్చినా, వయసు 28 అయినా 58 అయినా ఆ వారంలోనే డాక్టర్‌కి చూపించుకోవాలి. గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. ఆ మాట చెప్పాల్సింది మాత్రం పక్కింటి వాళ్లు కాదు.

ఇంకో మాట. నొప్పి లేదు కాబట్టి భయం లేదనుకుంటారు చాలామంది. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో ఎక్కువగా నొప్పి లేకుండానే ఉంటుంది.

మా పిన్నికి జనవరిలో గడ్డ చేతికి తగిలింది. అప్పుడు మా తమ్ముడు ఇంటర్ సెకండియర్. "వాడి పరీక్షలు కానీ, అప్పుడు చూద్దాం" అనుకుంది. మార్చిలో పరీక్షలయ్యాయి, తర్వాత ఎంసెట్, ఆ తర్వాత కౌన్సెలింగ్. బాబాయికి చెప్పింది ఆగస్టులో, వాడిని హాస్టల్లో దింపి వచ్చిన రోజు రాత్రి. అప్పటికి చంకలోకి కూడా పాకింది. కీమో, ఆపరేషన్, రేడియేషన్ అన్నీ అయ్యాయి. ఇప్పుడు బాగానే ఉంది, దేవుడి దయ. కానీ ఆ ఏడు నెలల మాట వచ్చినప్పుడల్లా మా తమ్ముడు లేచి బయటికి వెళ్లిపోతాడు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదని మీకూ తెలుసు. మనలాంటి స్కూళ్లలో చదివే పిల్లల ఇళ్లలో క్యాలెండర్ అంతా యూనిట్ టెస్టులు, ప్రీ ఫైనల్స్ చుట్టూనే తిరుగుతుంది. అమ్మ ఒంట్లో సంగతి వేసవి సెలవులకు వాయిదా పడుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది మహిళలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది, సుమారు 98,000 మంది దాంతో చనిపోయారు. మన దగ్గర సగానికి పైగా కేసులు జబ్బు చుట్టుపక్కలకు పాకాకే ఆస్పత్రికి చేరుతున్నాయి.

తెల్ల గోడ మీద సుద్దముక్క

మామోగ్రామ్ అంటే రొమ్మును రెండు పలకల మధ్య కొన్ని సెకన్లు నొక్కి తీసే ఎక్స్‌రే. ఈ ఆలోచన పాతదే. 1913లో బెర్లిన్ సర్జన్ ఆల్బర్ట్ సాలమన్, ఆపరేషన్ చేసి తీసేసిన సుమారు 3,000 రొమ్ములకు ఎక్స్‌రేలు తీసి, క్యాన్సర్ అందులో ఎలా కనిపిస్తుందో గమనించాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఈ పరీక్ష చేస్తే చావులు తగ్గుతాయా అని పెద్ద ఎత్తున తేల్చడం 1963లో న్యూయార్క్‌లో మొదలైంది. స్వీడన్‌లో 1977లో మొదలుపెట్టిన అధ్యయనం 1985లో చెప్పిన ఫలితం ప్రభుత్వాలను కదిలించింది: పరీక్షకు పిలిచిన మహిళల్లో రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు 30 శాతం తగ్గాయి. 1988లో బ్రిటన్ దేశమంతటా ఉచిత స్క్రీనింగ్ మొదలుపెట్టింది.

మరి చిన్న వయసువాళ్లకు ఇది అంత బాగా ఎందుకు పనిచేయదు? ఎక్స్‌రేలో కొవ్వు నల్లగా కనిపిస్తుంది. పాల గ్రంథులు, వాటిని పట్టి ఉంచే కణజాలం తెల్లగా కనిపిస్తాయి. క్యాన్సర్ గడ్డ కూడా తెల్లగానే కనిపిస్తుంది. వయసు పెరిగి, నెలసరి ఆగిపోయాక చాలామందిలో గ్రంథులు తగ్గి కొవ్వు పెరుగుతుంది. అప్పుడు గడ్డ కనిపించడం బ్లాక్‌బోర్డు మీద సుద్దముక్కతో రాసినట్టు ఉంటుంది. ముప్పైల్లో, నలభైల్లో గ్రంథులు దట్టంగా ఉంటే అదే సుద్దముక్కతో సున్నం కొట్టిన గోడ మీద రాసినట్టు. రాత ఉంటుంది, కంటికి ఆనదు.

మీ రిపోర్టులో ఏ, బీ, సీ, డీ అని ఒక అక్షరం ఉంటుంది, చూడండి. అది గ్రేడు కాదు (మన ఇళ్లలో డీ అంటే గుండె గుభేల్మంటుంది కదా!). రొమ్ము ఎంత దట్టంగా ఉందో చెప్పే గుర్తు. ఏ అంటే దాదాపు అంతా కొవ్వు, డీ అంటే బాగా దట్టం. నలభై దాటిన మహిళల్లో దాదాపు సగం మంది సీ, డీల్లోనే ఉంటారని అమెరికా లెక్కలు. ఇది జబ్బు కాదు. కానీ సీ, డీ వచ్చినవాళ్లు "నాకు అల్ట్రాసౌండ్ కూడా కావాలా?" అని డాక్టర్‌ని అడగాలి. అమెరికాలో 2024 సెప్టెంబర్ నుంచి ఈ సంగతి ప్రతి మహిళకూ రాతపూర్వకంగా చెప్పి తీరాలన్న నిబంధన వచ్చింది. మన దగ్గర రిపోర్టులో రాస్తారు గానీ విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ.

ఈ తెలుపు మీద తెలుపు చిక్కును తగ్గించడానికే టోమోసింథసిస్ వచ్చింది. మన సెంటర్లలో త్రీడీ మామోగ్రామ్ అంటున్నది దీన్నే. అమెరికాలో 2011లో అనుమతి దొరికింది. మామూలు మామోగ్రామ్ అంటే నోటుబుక్కును మూసి, మొత్తం వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చదవబోవడం లాంటిది. అన్ని పేజీల రాతలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. త్రీడీలో పేజీ తర్వాత పేజీ తిప్పి చూడొచ్చు.

వెయ్యి మంది లెక్క

క్లాసులో నేను సంభావ్యత చెప్పేటప్పుడు అడిగే ప్రశ్న ఇది. ఒక మంచి పరీక్షలో అనుమానం ఉందని వచ్చింది. జబ్బు నిజంగా ఉండే అవకాశం ఎంత? పిల్లలు తొంభై శాతం అంటారు. పెద్దవాళ్లూ అంతే అంటారు.

అమెరికాలో సుమారుగా చెప్పే లెక్క చూద్దాం. స్క్రీనింగ్‌కు వచ్చిన 1,000 మందిలో దాదాపు 100 మందిని మరికొన్ని ఫొటోల కోసం మళ్లీ పిలుస్తారు. వాళ్లలో దాదాపు 20 మందికి సూదితో ముక్క తీసి పరీక్షిస్తారు, అంటే బయాప్సీ. చివరికి క్యాన్సర్ తేలేది 5 మందికి. అంటే మళ్లీ రమ్మని పిలిపించుకున్న 100 మందిలో 95 మందికి ఏమీ లేదు. కాబట్టి ఫోన్ వచ్చిన రాత్రి ఇంటిల్లిపాదీ ఏడవాల్సిన పని లేదు. అలాగని ఆ ఫోన్‌ను పట్టించుకోకుండా వదిలేయడానికీ లేదు, ఎందుకంటే ఆ ఐదుగురూ ఉన్నది ఈ వంద మందిలోనే.

రిపోర్టు చివర ఉండే బైరాడ్స్ నంబరు కూడా ఇలాగే తికమక పెడుతుంది. సున్నా అంటే క్యాన్సర్ సున్నా అని అర్థం కాదు. "ఇంకా తేలలేదు, మరికొన్ని ఫొటోలు కావాలి" అని. ఒకటి, రెండు అంటే భయం లేదు. మూడు అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు, మామూలుగా ఆరు నెలలకు మళ్లీ చూస్తారు. నాలుగు, ఐదు వస్తే బయాప్సీ చేయించుకోవాలి. సున్నా చూసి సంతోషంగా ఫైలు బీరువాలో పెట్టేసే ఇళ్లు ఉంటాయన్నదే నా భయం.

ఇక అసలు గొడవ. ఆలస్యంగా తెలిస్తే నష్టమని అందరికీ తెలుసు. అనవసరంగా తెలిసినా నష్టమే అంటే నమ్మడం కష్టం. కొన్ని క్యాన్సర్లు ఎంత నెమ్మదివంటే, పరీక్ష చేయకపోతే ఆ మనిషి జీవితకాలంలో ఎప్పటికీ బయటపడవు. కానీ కనిపించాక ఏది నెమ్మదిది, ఏది దూకేది అని ముందే చెప్పలేరు గనుక అందరికీ వైద్యం చేయాల్సిందే. 2012లో బ్రిటన్‌లో మైకేల్ మార్మట్ అధ్యక్షతన నిపుణుల బృందం దీన్ని లెక్కగట్టింది. యాభై ఏళ్ల మహిళలు 10,000 మందిని ఇరవై ఏళ్లపాటు స్క్రీనింగ్‌కు పిలిస్తే 43 మరణాలు తప్పుతాయి. 129 మందికి మాత్రం అవసరం లేని క్యాన్సర్ వైద్యం జరుగుతుంది. ఒక ప్రాణానికి ముగ్గురు. అయినా లాభమే ఎక్కువని, కానీ ఈ సంగతి మహిళలకు ముందే చెప్పాలని ఆ బృందం తేల్చింది. నాకు నచ్చింది ఆ రెండో మాట.

కెనడా అధ్యయనం ఇంకా దూరం వెళ్లింది. 1980లో మొదలై, 25 ఏళ్ల ఫలితాలను 2014లో ప్రచురించింది. చేతి పరీక్షకు మామోగ్రామ్ తోడైనా మరణాలు తగ్గలేదంది. ఆ అధ్యయనం చేసిన పద్ధతే సరిగా లేదని రేడియాలజిస్టులు ఇప్పటికీ వాదిస్తున్నారు. అమెరికా ప్రభుత్వానికి సలహా ఇచ్చే టాస్క్ ఫోర్స్ అయితే 2009లో నలభైల్లో అందరికీ అక్కర్లేదంది, 2016లో మీరూ డాక్టరూ మాట్లాడుకుని నిర్ణయించుకోండి అంది, 2024లో 40 నుంచి 74 ఏళ్ల దాకా రెండేళ్లకోసారి తీయించుకోవాలంది. అక్కడ నలభైల్లో కేసులు పెరగడం, నల్లజాతి మహిళల్లో మరణాలు ఎక్కువగా ఉండటం అందుకు కారణాలు. బ్రిటన్ ఇప్పటికీ యాభై దాటాక మూడేళ్లకోసారే పిలుస్తోంది. ఒకే అధ్యయనాలు చదివి రెండు దేశాలు రెండు సమాధానాలు రాశాయన్నమాట. మీకు ముగ్గురు డాక్టర్లు మూడు మాటలు చెప్పడం అందుకే.

మన దేశం సమాధానం వేరు

ఈ లెక్కలన్నీ వేరే దేశాలవి. మన దేశంలో రొమ్ము క్యాన్సర్ బయటపడే సగటు వయసు పాశ్చాత్య దేశాలకన్నా సుమారు పదేళ్లు తక్కువ. మన జనాభాలోనే చిన్న వయసువాళ్లు ఎక్కువ కావడం దీనికి ఒక కారణం. కాబట్టి ఆ మాట పట్టుకుని ముప్పై ఏళ్లకే మామోగ్రామ్ అమ్మేవాళ్లను నమ్మకండి.

ముంబైలో టాటా మెమోరియల్ ఆస్పత్రి 1998లో ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టింది. 35 నుంచి 64 ఏళ్ల మహిళలు 1,51,538 మంది. యంత్రం లేదు. శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించారు, అంతే. ఇరవై ఏళ్ల ఫలితాలు 2021లో వచ్చాయి. పరీక్ష జరిగిన వైపు జబ్బు ముదరకముందే దొరికింది. యాభై దాటినవాళ్లలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపు వాళ్లలో మాత్రం చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. ఆ కార్యకర్తల చేతులకు నమస్కారం పెట్టాలనిపించింది నాకు.

2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ దారిలోనివే: 30 నుంచి 65 ఏళ్ల మహిళలందరికీ ఐదేళ్లకోసారి చేతి పరీక్ష, అనుమానం ఉంటే పై ఆస్పత్రికి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఇది ఉచితం. మీ ఇంట్లో పనిచేసే ఆవిడకీ, మన స్కూల్ ఆయమ్మలకీ ఈ మాట చెప్పండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. అక్కడ పరీక్షలు ఎక్కువయ్యాయని వాదన, ఇక్కడ అసలు మొదలే కాలేదు.

మరి మనకు మనమే నెలనెలా చూసుకోవడం? చైనాలోని షాంఘైలో 2,66,000 మందికి పైగా ఫ్యాక్టరీ కార్మిక మహిళలతో చేసిన అధ్యయనం ఫలితం 2002లో వచ్చింది. ఒక పద్ధతిగా చూసుకోవడం నేర్పినా మరణాలు తగ్గలేదు, ప్రమాదం లేని గడ్డలకు బయాప్సీలు మాత్రం పెరిగాయి. అందుకే ఇప్పుడు చాలామంది డాక్టర్లు తేదీ పెట్టుకుని వెతకమనరు. మీ ఒంటిని మీరు ఎరిగి ఉండండి, మార్పు కనిపిస్తే ఆలస్యం చేయకండి అంటారు.

ఇవన్నీ చదివాక నాకు తోచింది ఇది. ఏ లక్షణమూ లేని, కుటుంబంలో జబ్బు లేని ముప్పైల్లోని తల్లికి ఆ ప్యాకేజీ మామోగ్రామ్ అక్కర్లేదు, డాక్టర్ చేతి పరీక్ష చాలు. నలభైల్లో ఉంటే పై లెక్కలు ముందు పెట్టుకుని డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోవచ్చు, ఏ నిర్ణయమూ తప్పు కాదు. యాభై దాటితే తీయించుకోవడం మంచిది, మీ అత్తగారికీ అమ్మగారికీ కూడా. అమ్మకో, అక్కకో, మేనత్తకో చిన్న వయసులో రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చిన ఇళ్ల సంగతి వేరు. అక్కడ జన్యు పరీక్ష, ముప్పై నుంచే ఎమ్మారై లాంటివి రావచ్చు. మేనత్త అని కావాలనే రాశాను. బీఆర్‌సీఏ లాంటి జన్యులోపం నాన్న వైపు నుంచి కూడా సమానంగా వస్తుంది. నాన్నగారూ, మీ అక్కచెల్లెళ్ల ఆరోగ్య చరిత్ర మీ కూతురికి అవసరం.

కొత్త యంత్రాలు

కృత్రిమ మేధ గురించి పిల్లలే మనకన్నా ఎక్కువ చెబుతున్నారు. స్వీడన్‌లో లండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 80,000 మంది మహిళలతో చేసిన అధ్యయనం తొలి ఫలితాలు 2023లో వచ్చాయి. మామూలుగా అక్కడ ప్రతి ఫిల్మునూ ఇద్దరు రేడియాలజిస్టులు చదువుతారు. కంప్యూటర్ ముందే చూసి, ప్రమాదం తక్కువ అనిపించిన వాటిని ఒక్కరికే పంపింది. చదివే పని 44 శాతం తగ్గింది, క్యాన్సర్లు వెయ్యికి 5 దొరికే చోట 6 దొరికాయి. రేడియాలజిస్టులు తక్కువగా ఉన్న మనకు ఇది ఆశ కలిగించే సంగతే. కానీ ఆ ఆరో క్యాన్సర్ ప్రాణం తీసేదా, నెమ్మదిదా అన్న పాత ప్రశ్న ఇక్కడా వస్తుంది. బాగా దట్టమైన రొమ్ములున్నవాళ్లకు అదనంగా ఎమ్మారై చేస్తే, రెండు స్క్రీనింగుల మధ్య బయటపడే క్యాన్సర్లు వెయ్యికి 5 నుంచి 2.5కి తగ్గాయని నెదర్లాండ్స్ అధ్యయనం 2019లో చూపింది. ఖర్చు మాత్రం మామోగ్రామ్‌కి ఎన్నో రెట్లు.

వేడిని పసిగట్టే థర్మల్ కెమెరా పరీక్షలు కూడా క్యాంపుల్లో కనిపిస్తున్నాయి. నొక్కరు, రేడియేషన్ లేదు, వినడానికి హాయిగా ఉంటుంది. అది మామోగ్రామ్‌కి బదులు కాదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ పదేపదే హెచ్చరించింది.

రెండు భయాలు తల్లులు తరచుగా చెబుతారు. ఒకటి రేడియేషన్. ఒక మామోగ్రామ్‌లో ఒంటికి తగిలేది సుమారు 0.4 మిల్లీసీవర్ట్, అంటే ఏ పరీక్షా చేయించుకోకపోయినా ప్రకృతి నుంచి ఏడు వారాల్లో మనకు తగిలేంత. రెండోది, సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న భయం. ఇది మన దగ్గర చాలామందిని ఆస్పత్రి మెట్ల దగ్గరే ఆపేస్తోంది. అలా ఆయుష్షు తగ్గుతుందని చూపించే ఆధారం లేదు. పైగా ఆపరేషన్‌కు ముందు సూది పరీక్షే ప్రపంచమంతా పాటిస్తున్న పద్ధతి, ఎందుకంటే ఏ రకం క్యాన్సరో తెలియకుండా ఏ మందు ముందు ఇవ్వాలో తేలదు. అలాగే మామోగ్రామ్ శుభ్రంగా వచ్చినా గడ్డ చేతికి తగులుతూనే ఉంటే అక్కడితో ఆగిపోకూడదు. చేతి పరీక్ష, ఫొటో, సూది ఈ మూడూ ఒకే మాట చెప్పాలి.

తీయించుకునే రోజు పౌడర్, డియోడరెంట్ రాసుకోకండి, అందులోని రేణువులు ఫిల్ములో తెల్ల చుక్కల్లా పడి లేనిపోని అనుమానం తెస్తాయి. చీరకన్నా పైభాగం విడిగా తీయగలిగే డ్రెస్ సౌకర్యం. నెలసరి వచ్చేవాళ్లు అది అయిపోయిన వారంలో వెళితే నొప్పి తక్కువ. పాత మామోగ్రామ్ ఉంటే రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా ఫిల్మో సీడీనో తీసుకెళ్లండి. పాతదాంతో పోల్చి చూస్తే సగం అనుమానాలు అక్కడికక్కడే తీరిపోతాయి.